టర్కీ సముద్రపు కోటలు ఎట్లా చూడాలి: ముందు గోల్కొండ, తర్వాత బోస్ఫరస్

మనోళ్ళు ఇస్తాంబుల్ పోతే ప్లాన్ దాదాపు ఒక్కటే ఉంటది, అయా సోఫియా, బ్లూ మాస్క్, గ్రాండ్ బజార్, ఒక సాయంత్రం బోస్ఫరస్ జలసంధిలో క్రూజ్. ఆ పడవ ఉత్తరం వైపు పోతుంటే ఎడమ పక్కన కొండ మీద నుంచి నీళ్ళ దాకా దిగిన పెద్ద కోట ఒకటి వస్తది, మైకులో "రుమేలి హిసార్, 1452" అంటారు, అందరూ ఫోన్లు లేపుతారు, పడవ దాటిపోతది. ఫొటో అయితే వచ్చింది గానీ ఆ కోట అక్కడే ఎందుకుంది, అంత తొందరగా ఎందుకు కట్టారు, తర్వాత దాని గతి ఏమైంది, ఇవేవీ తెల్వకుండానే రూముకి వచ్చేస్తారు. చరిత్ర పుస్తకాలు ముందేసుకొని కూర్చోనక్కర్లేదు, నాలుగైదు ప్రశ్నలు మనసులో పెట్టుకొని పోతే చాలు, టర్కీ ఒడ్డున ఏ పాత కోట దగ్గర దిగినా అదే మీకు కథ చెప్తది.

ఈ కోటలు కట్టిన ఒట్టోమన్లు, అంటే టర్కీని ఏలిన సుల్తానుల వంశం, మనకి సంబంధం లేని వాళ్ళు అనుకోకండి. పిల్లలకి ఒంట్లో బాగాలేకపోతే తీస్కపోయే నిలోఫర్ హాస్పిటల్ పేరు ఆ వంశపు ఆడపిల్లదే. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్, ఆమె బంధువు నిలోఫర్, ఇద్దరికీ ఏడో నిజాం కొడుకులతో నిఖా అయింది. అది ఇంకో పెద్ద కథ, ఇప్పుడు దాన్లోకి పోతే కోట దాకా రాలేం.

వీసా సంగతి తర్వాత, ముందు ఒక ఆదివారం ఎండ ముదరకముందే గోల్కొండ పోండి. గేటు కింద చప్పట్లు కొట్టి, బాలాహిసార్ మెట్లెక్కి, పైన సెల్ఫీ దిగి వచ్చే పద్ధతి ఈసారికి వద్దు. బయటి గోడ వెంట తిరగండి, పెట్లా బురుజు మీద ఫతే రహబర్ అని ఔరంగజేబు కాలం నాటి పెద్ద ఫిరంగి ఉంది, అక్కడి దాకా పోనిస్తే దాని వెనక కూర్చొని గొట్టం ఎటు చూస్తుందో మీరూ అటే చూడండి. ఇప్పుడంటే ఇళ్ళు, వాటర్ ట్యాంకులు కనపడతాయి గానీ అప్పట్లో అటు నుంచి ఎవరు వచ్చేవాళ్ళు, ఎంత దూరంలో ఆగేవాళ్ళు, ఏ గుట్ట చాటున దాక్కునేవాళ్ళు అని ఊహించండి. తర్వాత ఈశాన్యం మూలకి, నయాఖిలా వైపు రండి. అసలు కోటకి అతికించినట్టు ఈ ముక్క ఎందుకు కట్టారంటే, అక్కడ గోడ బయట ఎత్తు ప్రదేశం ఒకటి ఉండేది, శత్రువు దాని మీదకి ఫిరంగి ఎక్కిస్తే కోట లోపలికే కొట్టొచ్చు. 1656లో ఔరంగజేబు ముట్టడితో ఆ లోపం బయటపడింది, తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా ఆ ఎత్తునే గోడ లోపలికి కలిపేసుకున్నాడు. ఈ 1656ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తది.

కోట దేన్ని చూస్తుంది, ఎక్కడ దెబ్బ తింది, దెబ్బ తిన్నాక ఏం మార్చారు, ఈ మూడూ గోల్కొండలో అలవాటైతే టర్కీలో సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం నీళ్ళు. గోల్కొండ లాంటి కోట పని తట్టుకొని నిలబడటం, బయట సైన్యం నెలల తరబడి కూర్చున్నా లోపల తిండి, నీళ్ళు ఉంటే చాలు. 1687లో ఎనిమిది నెలలు అట్లానే నిలబడింది, చివరికి లోపలి మనిషే తలుపు తీశాడంటారు. జలసంధి ఒడ్డున కట్టిన కోట పని వేరు. దాన్ని ఎవరూ ముట్టడించనక్కర్లేదు, ఓడ దాన్ని పట్టించుకోకుండా ముందు నుంచి దాటిపోతే చాలు, కోట ఓడిపోయినట్టే. అందుకే అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది ఏ నీళ్ళని మూసేస్తుంది, ఎదురు ఒడ్డున ఎవరున్నారు అని. ఎదురు ఒడ్డు చూడకుండా ఈ కోటలు అర్థం కావు, దాదాపు అన్నీ జంటలే.

రుమేలి హిసార్ దగ్గరికి బెషిక్తాష్ నుంచి ఒడ్డు రోడ్డు వెంట బస్సులో పోవచ్చు, ట్రాఫిక్ మాత్రం మన అమీర్‌పేటకి ఏం తీసిపోదు, పొద్దున్నే బయల్దేరండి. పొద్దున ఇంకో లాభం కూడా ఉంది, కోట తూర్పు ముఖంగా ఉంటది కాబట్టి ఎండ సీదా గోడల మీద పడతది, సాయంత్రం క్రూజ్‌లో తీసిన ఫొటోలు నల్లగా వచ్చేది అందుకే. దిగగానే లోపలికి ఉరకకండి. ముందు నీళ్ళ పక్కన నిలబడి ఎదురుగా చూడండి. ఆసియా ఒడ్డున చిన్న కోట కనపడతది, అది అనదొలు హిసార్, 1390లలో మొదటి బాయజీద్ సుల్తాన్ కట్టించింది. బోస్ఫరస్ అన్నిటికంటే సన్నగా ఉండేది ఇక్కడే, 700 మీటర్లు ఉంటది అంతే. అంటే ఒక పక్క తలుపు ముందే ఉంది. రెండో మెహ్మెద్ సుల్తాన్ 1451లో మళ్ళీ గద్దెనెక్కి, మరుసటి ఏడు రెండో పక్క తలుపు బిగించాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై దాటితే ఎక్కువ. కింద కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇప్పటి ఇస్తాంబుల్, ఇంకా బైజాంటైన్ల (తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్ళ) చేతిలోనే ఉంది, వాళ్ళకి తిండిగింజలు నల్లసముద్రం నుంచి ఈ దారిలోనే రావాలి. 1452 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టి ఆగస్టు చివరికల్లా కోట లేపేశారు, నాలుగున్నర నెలలు. మన దగ్గర ఒక ఫ్లైఓవర్‌కి పిల్లర్లు లేచే టైం కూడా కాదది.

అంత స్పీడ్ ఎట్లా వచ్చిందో చూడాలంటే బురుజుల దగ్గరికి పోండి. పెద్దవి మూడు, ఒక్కోదానికి ఒక్కో పాషా (సుల్తాన్ దర్బారులో పెద్ద అధికారి) పేరు, జగనోస్, సరుజా, హలీల్. సుల్తాన్ ఒక్కో పాషాకి ఒక్కో బురుజు అప్పజెప్పాడు, ఇగ వాళ్ళలో వాళ్ళకి పోటీ. రెండు బురుజులు కొండ మీద ఉంటాయి, హలీల్ పాషాది ఒక్కటే నీళ్ళకి దగ్గరగా ఉంటది. హలీల్ సంగతి వింటే అయ్యో అనిపిస్తది, నగరం మీదకి యుద్ధానికి పోవద్దని దర్బారులో గట్టిగా వాదించిన పెద్దాయన ఆయనే, మరి కోట కట్టడంలో ఆయనకీ భాగం తప్పలేదు, 1453 మేలో నగరం పడ్డాక కొన్నాళ్ళకే సుల్తాన్ ఆయన్ని చంపించాడు. బురుజు తలుపు దగ్గర నిలబడి గోడ మందం చూడండి, ఆరేడు మీటర్లు, మన డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో హాల్ పొడుగంత రాయి. గోడల్లో అక్కడక్కడా గుండ్రటి పాలరాతి స్తంభాల ముక్కలు అడ్డంగా పెట్టి ఉంటాయి, అవి పాత బైజాంటైన్ కట్టడాల నుంచి తెచ్చినవి, రాయి చెక్కుకుంటూ కూర్చునే టైం లేదు మరి, దొరికింది దొరికినట్టు పేర్చేశారు. గోడ మొత్తం చూసుకుంటూ పోయే ఓపిక లేకపోతే ఇట్లాంటి ముక్క ఒక్కటి పట్టుకోండి, ఆ నాలుగున్నర నెలల హడావుడి దాన్లో కనపడతది.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఫిరంగులు ఎక్కడ పెట్టారు? చాలామంది పైన బురుజులు చూసి అక్కడ నుంచే కొట్టేవాళ్ళేమో అనుకుంటారు. పైవి వెనక కొండ వైపు నుంచి ఎవరూ దిగకుండా కాయడానికి, దూరం చూడటానికి. ఓడల్ని ముంచే పెద్ద ఫిరంగులు కింద, నీళ్ళ అంచున, హలీల్ పాషా బురుజు ముందున్న తక్కువ ఎత్తు గోడ వెనక ఉండేవి. ఎందుకంటే అప్పటి పెద్ద ఫిరంగిని ఎటు కావాలంటే అటు తిప్పే వీలు లేదు, నేల మీద దుంగల మధ్య బిగించేసి పెట్టేవాళ్ళు, ఒకసారి కొడితే మళ్ళీ నింపడానికి బోలెడు టైం పట్టేది. పైనుంచి కిందికి కొడితే గుండు ఒక్క చోట నీళ్ళలో పడి మునుగుతది. నీళ్ళకి సమానంగా కొడితే మాత్రం నీటి మీద ఎగురుకుంటూ పోయి ఓడ పక్కటెముకల్లోకి దిగుతది, గురి కొంచెం అటూ ఇటూ అయినా తగులుతది. ఓడ ఎట్లాగూ ఆ సన్నటి దారిలో, ఆ ప్రవాహంలోనే రావాలి, ఫిరంగి ముందుకి అదే వస్తది.

1452 నవంబర్‌లో ఆంటోనియో రిజో అనే వెనిస్ కెప్టెన్ నల్లసముద్రం నుంచి సరుకుతో దిగుతూ ఆగమంటే ఆగలేదు. ఔటర్ రింగ్ రోడ్ టోల్ గేట్ దగ్గర బారికేడ్ గుద్దుకొని పోదామని చూసే లారీ లాగా, సుంకం కట్టకుండా జారుకుందామనుకున్నాడు. ఒక్క రాతి గుండుకే ఓడ మునిగింది. ఒడ్డుకి ఈదిన వాళ్ళని పట్టుకొని తలలు తీయించాడు సుల్తాన్, రిజోని కొర్రు మీద కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఈ దారిలో ఎవరూ బేరాలాడలేదు. రోడ్డు అవతల నీళ్ళ పక్కన నిలబడి ఇదంతా ఊహించుకున్నాకనే టికెట్ కొని లోపలికి పోండి.

లోపల గోడ మెట్లు నిటారుగా ఉంటాయి, చాలా చోట్ల పట్టుకోవడానికి ఏం ఉండదు, చిన్న పిల్లలతో, చీర కుచ్చిళ్ళతో, చెప్పులతో ఎక్కే సాహసం వద్దు. ఏ గోడ ఎక్కనిస్తారు, ఏది మూసేశారు అనేది మారుతూ ఉంటది, గేటు దగ్గరే అడగండి. వారంలో ఒకరోజు సెలవు కూడా ఉంటది, ముందే చూస్కోండి. పైనుంచి చూస్తే కోట ఆకారం అరబ్బీ అక్షరాల్లో ప్రవక్త పేరులా ఉంటదని గైడ్లు చెప్తారు. నన్నడిగితే కొండ వాలు చూడండి, రెండు శిఖరాలు, మధ్యలో లోయ, గోడ వాటిని పట్టుకొని దిగింది, మెట్ల మీద నిలబడితే మీకే తెలుస్తది.

లోపల ఇప్పుడు ఎక్కువ భాగం పచ్చగడ్డి, చెట్లు. ఇది ఎప్పుడూ ఇట్లానే ఉందనుకోవద్దు. తర్వాతి కాలంలో కోట లోపల చెక్క ఇళ్ళు లేచి ఒక బస్తీనే తయారైంది. 1950లలో ప్రెసిడెంట్ జలాల్ బాయార్ టైంలో ఆ ఇళ్ళన్నీ తీసేయించి గోడలు బాగు చేయించారు. ఆ రిపేర్ పని నడిపించింది ముగ్గురు ఆడ ఆర్కిటెక్టులు, జాహిదె తామెర్, సెల్మా ఎమ్లెర్, ముఅల్లా అన్‌హెగ్గెర్, ఆ రోజుల్లో ఏ దేశంలోనైనా అది చిన్న విషయం కాదు. గోడలు నిలబడ్డాయి, నిజమే, గానీ ఆ బస్తీ పోయింది. మన గోల్కొండ బయటి గోడ లోపల ఇప్పటికీ జనం ఉంటారు, కిరాణా షాపులు, మసీదులు, ఆటోలు, గల్లీ క్రికెట్, పాత గోడకి దాంతో ఇబ్బందులు కూడా ఉన్నాయి, కాదనను. అయినా ఖాళీ గడ్డి చూసి బాగుంది అనేముందు ఆ ఇళ్ళు కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

మూడో ప్రశ్న, ఈ కోటకి పని ఎప్పుడు పోయింది? రుమేలి హిసార్‌కి అయితే ఏడాది లోపే. 1453 మే 29న నగరం చేతికొచ్చాక, రెండు ఒడ్లూ, నగరమూ ఒకరివే అయినప్పుడు మధ్యలో తలుపెందుకు? సుంకాల చౌకీగా, జైలుగా మిగిలింది. అప్పుడు భయం ఎటు నుంచి అంటే దక్షిణం నుంచి, వెనిస్ ఓడలు మధ్యధరా నుంచి దార్దనెల్స్ అనే ఇంకో జలసంధి దారిలో వస్తాయి. అందుకే 1460లలో అదే మెహ్మెద్ అక్కడ ఇంకో జంట కట్టించాడు, యూరప్ ఒడ్డున కిలిత్‌బహిర్, ఆసియా ఒడ్డున చనక్కలేలో చిమెన్లిక్. ఇస్తాంబుల్ నుంచి చనక్కలే బస్సులో దాదాపు పూట ప్రయాణం. చనక్కలే నుంచి కిలిత్‌బహిర్‌కి చిన్న ఫెర్రీ ఉంటది, తప్పకుండా దాన్లోనే పోండి, డెక్ మీద నిలబడండి, ఎందుకంటే అప్పుడు మీరు ఆ రెండు కోటల ఫిరంగుల మధ్యలో ఉంటారు, మ్యూజియంలో ఏ బోర్డూ చెప్పలేనంత తెలుస్తది. కిలిత్‌బహిర్ మధ్యలో ఏడంతస్తుల మూడు మూలల బురుజు, దాని చుట్టూ మూడు రేకుల పువ్వులా వంపు తిరిగిన గోడ, ఇట్లాంటి ప్లాన్ నేనైతే ఇంకెక్కడా చూడలేదు.

ఇక్కడ నీళ్ళు వెడల్పు, కిలోమీటర్ దాటి ఉంటది, రుమేలి దగ్గర సరిపోయిన ఫిరంగి సరిపోదు. అందుకే 1464లో మునీర్ అలీ అనే ఆయన పోతపోసిన కంచు ఫిరంగి లాంటివి పుట్టాయి. దాని పొడవు 5 మీటర్ల పైనే, బరువు దాదాపు 17 టన్నులు, నోరు 63 సెంటీమీటర్లు. అంత బరువు ఒకే ముక్కగా లాగడం కష్టమని రెండు ముక్కలుగా చేశారు, మందు కూరే వెనక భాగం, గుండు పెట్టే ముందు గొట్టం, రెండింటికీ మరలు, బోల్టు బిగించినట్టు తిప్పి బిగించేయడమే. తిప్పడానికి దుంగలు దోపేలా అంచుల చుట్టూ గుంతలు కూడా ఉంటాయి. 1866లో సుల్తాన్ అబ్దుల్ అజీజ్ దాన్ని విక్టోరియా రాణికి బహుమతిగా ఇచ్చాడు, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఫోర్ట్ నెల్సన్‌లో ఉంది, కాబట్టి చనక్కలేలో దాని కోసం వెతకొద్దు.

రాతి గుండ్లు మాత్రం ఈ కోటల్లో కనపడతాయి, జనం వాటి మీద కూర్చొని ఐస్‌క్రీం తింటుంటారు. మీరు జేబులో టేపు ఒకటి పెట్టుకొని పోండి. గుండు అడ్డం కొలత తీస్కొని సగం చేయండి, మీటర్లలో రాస్కోండి, దాన్ని దాంతోనే మూడుసార్లు వేసి గుణించండి, వచ్చిందాన్ని 4.19తో, తర్వాత 2,700తో గుణించండి, గ్రానైట్ గానీ పాలరాయి గానీ అయితే సుమారుగా కిలోలు వచ్చేస్తాయి. 40 సెంటీమీటర్ల గుండు 90 కిలోలు, 60 సెంటీమీటర్లది 300 దాటుతది. సైజు ఒకటిన్నర రెట్లే, బరువు మూడు రెట్ల పైన. పిల్లలతో ఈ లెక్క చేయిస్తే మళ్ళీ ఆ గుండు మీద మామూలుగా కూర్చోలేరు. ఈ రాతి గుండ్లు పాతబడ్డాయని నవ్వుకోవద్దు, 1807లో డక్‌వర్త్ అనే బ్రిటిష్ అడ్మిరల్ ఈ దారిలోంచి ఇస్తాంబుల్ దాకా పోయి, పని కాక వెనక్కి వస్తుంటే, మూడున్నర వందల ఏళ్ళ నాటి ఆ రకం ఫిరంగులే ఆయన ఓడల్ని గట్టిగా దెబ్బతీశాయి.

ఇప్పుడు 1656కి రండి. ఫిబ్రవరిలో ఇక్కడ ఔరంగజేబు గోల్కొండ ముందుకొచ్చాడు, అదే ఏడు జూన్‌లో అక్కడ వెనిస్ ఓడలు దార్దనెల్స్ నోటి దగ్గర ఒట్టోమన్ నౌకాదళాన్ని చిత్తు చేసి దగ్గర్లోని దీవులు పట్టుకున్నాయి. రెండు చోట్లా సంగతి చక్కబెట్టింది తల్లులే. ఇక్కడ అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం ఔరంగజేబు డేరాకి పోయి రాజీ మాట్లాడింది. అక్కడ నాలుగో మెహ్మెద్ తల్లి తుర్హాన్ సుల్తాన్ జలసంధి నోటి దగ్గరే రెండు కొత్త కోటలు కట్టించింది, యూరప్ వైపు సెద్దుల్‌బహిర్, ఆసియా వైపు కుమ్‌కలే. పాత జంట లోపలికి ఉంది, శత్రువు నోటి దగ్గరే ఓడలు ఆపుకొని దారి మూసేస్తే దానివల్ల ఏం ఉపయోగం, అదీ లోపం. మన నయాఖిలాకి, వాళ్ళ సెద్దుల్‌బహిర్‌కి వెనకున్న ఆలోచన ఒక్కటే, దెబ్బ పడిన చోటికి గోడ జరపడం. హయాత్ బక్షీ పేరు హయత్‌నగర్ బోర్డుల మీద రోజూ చూస్తాం గానీ ఈ సంగతి మాత్రం ఎంతమందికి తెలుసో.

ఆఖరి ప్రశ్న, కోటని దేంతో కొట్టారు? సెద్దుల్‌బహిర్‌లో అది బాగా కనపడతది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నవంబర్ 3న బ్రిటిష్ ఓడలు దూరం నుంచి కొడితే మందుగుండు గది పేలిపోయి లోపలి సైనికులు పదుల్లో చనిపోయారు. 1915 ఏప్రిల్ 25న సరిగ్గా దీని కిందున్న బీచ్‌లోనే బ్రిటిష్ సైన్యం దిగింది. అప్పటికి 250 ఏళ్ళ ముందు రాతి గుండ్లకి కట్టిన గోడ కొత్త షెల్స్‌కి ఎట్లా పగిలిందో చూస్తూనే, కిలిత్‌బహిర్ పక్కనున్న నమాజ్‌గాహ్ బ్యాటరీని (వరసగా ఫిరంగులు పెట్టే చోటు) కూడా చూడండి, ఎత్తు తక్కువ, పైన మట్టి, గడ్డి, దూరం నుంచి దిబ్బలాగా ఉంటది. షెల్ వచ్చి రాయిని కొడితే ముక్కలు ఎగిరి మనుషుల్ని చంపుతాయి, మట్టిని కొడితే దాన్లోనే దిగబడుతది, అందుకే 19వ శతాబ్దానికి కోటలు కిందికి కుంగిపోయాయి. అంతకుముందు నెలలోనే, 1915 మార్చి 18న, మూడు పెద్ద యుద్ధనౌకల్ని ముంచింది ఫిరంగి కూడా కాదు, నుస్రెత్ అనే చిన్న ఓడ రాత్రిపూట పరిచిపోయిన మైన్లు, అంటే ఓడ తగిలితే నీళ్ళలో పేలే బాంబులు. దాని నమూనా చిమెన్లిక్ కోట దగ్గర ఉంది. సెద్దుల్‌బహిర్ చాలా ఏళ్ళు మిలిటరీ చేతిలో ఉండి, రిపేర్ తర్వాత 2023లో మ్యూజియంగా తెరిచారు, కూలిన చోట పాతదానిలా నకిలీ గోడ లేపకుండా కొత్తది కొత్తదిలాగే కనపడేటట్టు కట్టారు, నాకైతే ఆ పద్ధతి రుమేలి కంటే నచ్చింది. అక్కడికి దగ్గర్లోనే హెల్లెస్ స్మారకం ఉంది, దాని మీద చెక్కిన పేర్లలో గల్లిపోలికి పోయిన మన భారత సైనికులవీ ఉన్నాయి, అది కూడా చూసి రండి.

టైం తక్కువుంటే రుమేలి హిసార్‌కి పూర్తిగా ఒక పొద్దున ఇవ్వండి, చనక్కలేకి ఒక రాత్రి ఉండేలా పోండి. సెద్దుల్‌బహిర్ గల్లిపోలి ద్వీపకల్పం కొసన ఉంటది, బస్సులు తక్కువ, టాక్సీ గానీ కారు గానీ మాట్లాడుకోవాలి, నలుగురు కలిస్తే గిట్టుబాటు అయితది. అది కుదరకపోతే వదిలేయండి, కిలిత్‌బహిర్ ఫెర్రీ మాత్రం వదలొద్దు, పోయేటప్పుడు ఎడమ పక్క, వచ్చేటప్పుడు కుడి పక్క, రెండుసార్లూ డెక్ మీదే.